వాసన చెప్పని సత్యము
మూలికల పరీక్షలపై ఒక విమర్శ

సుగంధిపాల వేరు అసలైనదో కాదో తెలిసికొనుటకు దానిని విరిచి వాసన చూచిన చాలునని మన ప్రాంతములో ఒక నమ్మకము పాతుకొని యున్నది. పచారి అంగడివాడును అదే చెప్పును. కొనువాడును అదే చేయును. ఈ పరీక్షకు ఖర్చు లేదు, చదువు అక్కరలేదు, కాలము పట్టదు. కాని ఏ సందేహమును తీర్చుటకు దీనిని చేయుచున్నామో, సరిగా ఆ సందేహమునే ఇది తీర్చజాలదు. ఈ వ్యాసములో మొదట ఆ సంగతిని చూపి, తరువాత ముక్కుకు బదులుగా మనము నమ్ముకొన్న గ్రంథములను, యంత్రములను కూడ అదే కొలతతో కొలిచి చూతము. పరీక్ష పాతదా, క్రొత్తదా అనునది ముఖ్యము కాదు. అది ఏ ప్రశ్నకు సమాధానము చెప్పుచున్నది అనునదే ముఖ్యము.

నల్లమల అంచున రెండు వేళ్లు

రాచర్ల, గిద్దలూరు, మార్కాపురము ప్రాంతములకు పడమట నల్లమల కొండలు గోడవలె నిలిచియున్నవి. రాచర్ల మండలములోని జె. పుల్లలచెరువు దగ్గర, నెమలిగుండ్ల రంగనాయకస్వామి ఆలయము చెంత గుండ్లకమ్మ కొండల నుండి దిగివచ్చుచుండును. ఈ అడవులలో తరతరములుగా చెంచులు తేనె, జిగురు, కుంకుడుకాయలు, వేళ్లు, దుంపలు సేకరించి జీవించుచున్నారు. వారు తెచ్చు సరకులలో మన విషయమునకు సంబంధించినవి రెండు కలవు.

మొదటిది సుగంధిపాల. దీని శాస్త్రీయనామము హెమిడెస్మస్ ఇండికస్. ఇది సన్నని తీగ. ఆకులు ఒక్కొక్క మొక్కలో ఒక్కొక్క తీరున, సన్నగా గాని వెడల్పుగా గాని ఉండును. నడిమి ఈనె వెంట తెల్లని చార కానవచ్చుట కద్దు. వేరు సన్నగా, పొడవుగా, గట్టిగా, ముదురు గోధుమవర్ణములో ఉండును. సంస్కృత వైద్యగ్రంథములలోని శారిబ యనునది ఇదియే యని ఎక్కువమంది అంగీకరింతురు. 1864వ సంవత్సరపు బ్రిటిషు ఔషధకోశములో కూడ దీని వేరుకు చోటు దొరకినది.

రెండవది మారేడు గడ్డ. దీని శాస్త్రీయనామము డెకాలెపిస్ హామిల్టోనై. ఇది రాతినేలలలో పెరుగు పెద్ద తీగ. దక్షిణ భారతమున తప్ప మరెక్కడను సహజముగా పెరుగదు. దీని వేళ్లు కండగలిగి, లావుగా, గుత్తులు గుత్తులుగా ఉండును. నన్నారి షర్బతుకు, ఊరగాయకు వాడుదురు. శివునకు ప్రియమైన మారేడు చెట్టునకును, ఈ తీగకును పేరులో తప్ప మరి యే బంధుత్వమును లేదు. కొందరు దీనిని బర్రె సుగంధి అందురు. ఆ పేరు పెట్టినవాడు రెండింటి పోలికను, భేదమును ఒక్క మాటలో చెప్పినాడు.

ఈ రెండును జిల్లేడు కూటమికి చెందిన తీగలే. గిల్లినచో పాలు కారును. సుగంధిపాల వేరును కావలసినంత త్రవ్వవలెనన్న చాల శ్రమ. సన్నని వేళ్లు పోగుచేయగా పోగుచేయగా తూకము రాదు. మారేడు గడ్డ ఒక్క మొక్కను త్రవ్విన చాలు, బుట్ట నిండును. కావున సుగంధిపాల అడిగిన చోటికి మారేడు గడ్డ చేరుటలో ఆశ్చర్యమేమియు లేదు. ఎండబెట్టి ముక్కలు కోసిన పిమ్మట, అందును పొడి చేసిన పిమ్మట, కొనువాడు రెండింటిని కంటితో వేరుచేయలేడు. అప్పుడు ముక్కును నమ్మును.

ముక్కు ఇక్కడనే మోసపోవును. సుగంధిపాల వాసనకు ముఖ్యకారణము 2-హైడ్రాక్సీ-4-మెథాక్సీ బెంజాల్డిహైడ్ అను పదార్థము. మారేడు గడ్డ వాసనకును కారణము ఇదే! ఐస్‌క్రీములలో వేయు వెనిలిన్‌కు ఇది సమాంగము: రెండింటి అణుసూత్రమును C₈H₈O₃, అణుభారము 152, పరమాణువుల సంఖ్య ఒక్కటే, అమరిక మాత్రము వేరు. రెండు వేళ్లలోను వాసన నిచ్చు పదార్థము ఒక్కటే అయినప్పుడు, వాసన చూచి ఏ వేరో చెప్పెదననుట, ఇద్దరు మనుష్యులు ఒకే రంగు చొక్కా తొడిగినప్పుడు చొక్కాను చూచి మనిషిని గుర్తింతుననుట వంటిది.

నాలుక, అనుభవము

ముక్కువలెనే నాలుకను నమ్మువారును కలరు. నేలవేము చేదు, హిమాలయములలో దొరకు కిరాతతిక్తము, అనగా చిరాయతా, అదియు చేదే. రెండవది ఖరీదైనది గనుక దాని పేరిట మొదటిది అమ్ముడుపోవుట చాలకాలముగా జరుగుచున్నది. చేదు అను గుణము ఒక్క మొక్క సొత్తు కాదు.

ఇక మూడవ పరీక్ష అనుభవము. ‘వాడి చూచితిమి, గుణమిచ్చినది, కనుక మంచిది’ అందురు. ఈ వాదము పైకి బలముగా కనబడును గాని ఇదియే అన్నింటికంటె ప్రమాదకరము. కీళ్లనొప్పులకు మూలికాచూర్ణమని చెప్పి అమ్మువాటిలో స్టీరాయిడ్లు, మధుమేహపు చూర్ణములలో నవీన వైద్యపు మాత్రల పొడి కలిపిన ఉదంతములు అనేక దేశములలో బయటపడినవి. 2008లో సింగపూరులో అక్రమముగా అమ్మిన కొన్ని మందులు, వానిలో మూలికామందని పేరుపెట్టినదియు ఒకటి, రక్తములోని చక్కెరను తగ్గించు గ్లిబెన్‌క్లమైడ్‌తో కలుషితమైనవి. మధుమేహము లేనివారు వాడి ఆసుపత్రుల పాలైరి; నలుగురు మరణించిరి. మూలికామందు రెండు రోజులలో అద్భుతముగా పనిచేసినచో అది నమ్మకమును గాక అనుమానమును కలిగింపవలెను. గుణమిచ్చినది నిజమే, కాని ఆ గుణము సీసాపై వ్రాసిన మూలికదా యనునది వేరొక ప్రశ్న.

ఔషధకోశము చేసిన మేలు

ఈ అవ్యవస్థను తొలగించుటకు జరిగిన ప్రయత్నమును తక్కువ చేయరాదు. 1940 నాటి ఔషధముల చట్టమును 1964లో సవరించి ఆయుర్వేద, యునాని ఔషధములను దాని పరిధిలోనికి తెచ్చిరి. అంతకు ముందే, 1962లో, ఆయుర్వేద ఔషధకోశ సంఘమును ఏర్పరచిరి. 1970లో ఘజియాబాదులో భారతీయ వైద్యమునకు ప్రమాణ పరిశోధనశాల వెలసినది. ఈ కృషి ఫలితమే ఆయుర్వేదిక్ ఫార్మకోపియా ఆఫ్ ఇండియా అను గ్రంథము. దీని మొదటి భాగములో మొదటి సంపుటము 80 ద్రవ్యములతో వెలువడినది. 2008 నాటికి ఆరు సంపుటములు పూర్తియై ద్రవ్యముల సంఖ్య 519కి చేరినది.

ఈ గ్రంథము చేసిన మొదటి మేలు, ఒక్కొక్క ఔషధమునకు ఒక్కొక్క శాస్త్రీయనామమును ముడివేయుట. ఇది చిన్న విషయము కాదు. బ్రాహ్మి అనగా ఒకచోట నీరుసాంబ్రాణి మొక్క, మరొకచోట సరస్వతి ఆకు. శంఖపుష్పి పేరిట విష్ణుక్రాంతమును, శంఖపుష్పమును, మరియొక తీగను వాడుచున్నారు. రాస్నా అనగా ఉత్తరాదిన ఒక మొక్క ఆకు, దక్షిణాదిన దుంపరాష్ట్రము. శారిబ విషయములో కూడ తెల్లది, నల్లది అని రెండు చెప్పిరి. నల్లది ఏ తీగ యనునది నేటికిని వాదగ్రస్తమే. పేరు ఒక్కటై వస్తువులు పది అయినప్పుడు, పరీక్ష ఎంత సూక్ష్మమైనను వ్యర్థము. ఏది ప్రమాణమో తెలియనిచో దేనితో పోల్చవలెను?

రెండవ మేలు, కంటికి కనబడు లక్షణములను, సూక్ష్మదర్శినిలో కనబడు నిర్మాణమును వర్ణించుట. మూడవది, బూడిద ఎంత, నీటిలో కరుగు సారమెంత, సారాయములో కరుగు సారమెంత, పరాయి పదార్థము ఎంత మించరాదు అను హద్దులను అంకెలలో పెట్టుట. సీసము పది లక్షల భాగములలో 10 భాగములు, ఆర్సెనిక్ 3 భాగములు, పాదరసము 1 భాగము, కాడ్మియము 0.3 భాగము మించరాదనియు నియమించిరి. ఇంత పని జరిగిన పిమ్మట దానిలోని లోపములను చెప్పుట కృతఘ్నత కాదు. గ్రంథమును వాడువాడే దానిని విమర్శింపవలెను.

అంకెలు చెప్పునది, చెప్పనిది

మొదట బూడిద పరీక్షను చూతము. తూచిన పొడిని మూసలో పెట్టి, నలుపు పోవువరకు కాల్చినచో ఖనిజ పదార్థము మాత్రము మిగులును. దానిని సజల హైడ్రోక్లోరికామ్లముతో కాచి వడగట్టినచో కరుగక నిలిచినది చాలవరకు సిలికా, అనగా ఇసుక, మన్ను. వేళ్లను సరిగా కడుగక తూకమునకు మట్టితో అమ్మినవానిని ఈ పరీక్ష వెంటనే పట్టుకొనును. కాని కల్తీకి గోధుమపిండిని ఎన్నుకొన్నవాని మాట ఏమి? పిండిలో బూడిద స్వల్పము. కావున పిండి కలిపినకొలది బూడిద అంకె తగ్గునే గాని పెరుగదు. ‘ఇంతకు మించరాదు’ అను హద్దు మాత్రమే యున్నచోట, బూడిద పరీక్ష వరకు అట్టి కల్తీ మరింత శుద్ధమైనదిగా లెక్కకు వచ్చును!

సారపు పరీక్ష ఈ లోటును కొంత తీర్చును. 5 గ్రాముల పొడిని 100 ఘన సెంటీమీటర్ల ద్రావణిలో ఒక రోజు నానబెట్టి వడగట్టి, అందులో 25 ఘన సెంటీమీటర్లను ఆవిరిచేసి మిగిలినదానిని తూచుదురు. అది 0.2 గ్రాము వచ్చినదనుకొందము. 100 ఘన సెంటీమీటర్లలో 0.8 గ్రాము ఉన్నట్లు. 5 గ్రాములకు 0.8 గ్రామయిన, నూటికి 16. ఒకసారి కషాయము తీసి పారవేయవలసిన పిప్పిని ఎండబెట్టి మరల అమ్మినచో ఈ అంకె పడిపోవును గనుక దొంగ దొరకును. కాని పిప్పిలో కొంచెము బెల్లము కలిపినవాడు? బెల్లము నీటిలో కరుగును. అంకె మరల లేచి నిలుచును.

దీనిని బట్టి ఈ పరీక్షలు నిరర్థకములని చెప్పరాదు. రెండు మూడు అంకెలను ఒక్కటిగా చూచినచో ఒకదానిని తప్పించుకొన్నవాడు మరొకదానికి చిక్కును. నీటి సారము పెంచిన బెల్లము, సారాయపు సారమును అదే నిష్పత్తిలో పెంచజాలదు. అయినను ఒక్క సంగతి స్పష్టము: ఈ అంకెలు సరకు శుభ్రముగా ఉన్నదా, సారము కలదా అను ప్రశ్నలకు సమాధానములు. ‘ఇది ఏ మొక్క?’ అను ప్రశ్నకు ఇవి సమాధానము కావు. ఒక విద్యార్థి ఎత్తు, బరువు సరిగా ఉన్నవని వైద్యుడు చెప్పినంతమాత్రమున అతని పేరు తెలిసినట్లు కాదు గదా!

యంత్రము కూడ మోసపోవును

ఇక్కడ నవీన రసాయనశాస్త్రము సాయమునకు వచ్చును. రష్యను వృక్షశాస్త్రజ్ఞుడు త్స్వెత్ 20వ శతాబ్దపు తొలి సంవత్సరములలో ఆకుల రంగులను సుద్దపొడి స్తంభము గుండ పోసి వేరుచేసినాడు. దానినుండి పెరిగిన విద్యయే క్రొమాటోగ్రఫీ, మనవారి మాటలో వర్ణలేఖనము. నేడు గాజుపలకపై పలుచగా పూసిన సిలికా పొర మీద మూలిక సారమును చుక్కగా పెట్టి ద్రావణిని పైకి ఎక్కనిచ్చినచో అందలి పదార్థములు వేర్వేరు ఎత్తులలో నిలిచి పట్టీలుగా కనబడును. ఒక్కొక్క మూలికకు ఒక్కొక్క పట్టీల వరుస. దీనిని వ్రేలిముద్రతో పోల్చుదురు.

ఈ పోలిక మంచిదే గాని దానిని సగము మాత్రమే పాటించుచున్నారు. వ్రేలిముద్ర యనగా గీతలన్నియు కలిసిన రూపము. అందులో ఒక్క గీతను తీసికొని ‘ఇది ఉన్నది గనుక ఇతడే’ అనరాదు. కాని చాలచోట్ల పరీక్ష యనగా ఒక ముఖ్య పదార్థమును ఎన్నుకొని అది ఎంత యున్నదో కొలుచుటగానే సాగుచున్నది. సుగంధిపాల విషయములో అట్టి పదార్థముగా వాసనద్రవ్యమును ఎన్నుకొన్నచో ఏమగును? మారేడు గడ్డలోను అదే యున్నది. లక్షల విలువగల యంత్రము దానిని దశాంశ బిందువు తరువాత మూడు స్థానముల వరకు కొలిచి, ‘ఉన్నది’ అని చెప్పును. అంగడి దగ్గర ముక్కు చెప్పినదియు అదే. ప్రశ్న తప్పయినచో, ఖరీదైన యంత్రము ఆ తప్పును మరింత ఖచ్చితముగా చెప్పును, అంతే. కావున ఒక్క పట్టీని గాక మొత్తము వరుసను చూడవలెను. ప్రక్కనే అసలు సుగంధిపాలను, ప్రక్కనే మారేడు గడ్డను అదే పలకపై నడిపించి పోల్చవలెను. గాలిలో తేమ, పలక రకము మారినచో పట్టీల ఎత్తులును కొంత మారును గనుక, పుస్తకములోని అంకెతో పోల్చుట కంటె ప్రక్కనున్న నమూనాతో పోల్చుట మేలు.

ఇటీవలి కాలములో డి.ఎన్.ఏ. పరీక్షకు గొప్ప పేరు వచ్చినది. మొక్క కణములోని వంశపారంపర్య పదార్థములో ఎన్నుకొన్న చిన్న భాగమును చదివి జాతిని చెప్పవచ్చును. ఎండిన వేరుకు, ముడి సరకునకు ఇది చక్కని సాధనము. కాని దీని హద్దులను గూడ తెలిసికొనవలెను. 2015లో అమెరికాలోని న్యూయార్కు రాష్ట్ర న్యాయాధికారి మూలికా గుళికలను ఈ విధముగా పరీక్షింపజేయగా, చెప్పిన మొక్క జాడ ఎక్కువవానిలో కానరాలేదు. పెద్ద అలజడి కలిగినది. వెంటనే శాస్త్రజ్ఞులు న్యాయమైన ఒక ఆక్షేపణ తెచ్చిరి. వేడిచేసి, ద్రావణులతో తీసిన సారములో మందు పదార్థము ఉండవచ్చును గాని డి.ఎన్.ఏ. చెడిపోయి యుండవచ్చును. అప్పుడు ‘కనబడలేదు’ అనుటకును ‘లేదు’ అనుటకును భేదము కలదు. అంతేగాక డి.ఎన్.ఏ. మొక్క పేరును చెప్పును గాని, అది వేరా, ఆకా అని చెప్పజాలదు. సారమెంతయో, సీసమెంతయో అసలే చెప్పజాలదు.

అసలైనదైన చాలునా?

‘అసలు’ అను మాటకును ‘మంచిది’ అను మాటకును మనము సమానార్థము కల్పించుకొన్నాము. ఇది అన్నింటికంటె పెద్ద పొరపాటు.

బెల్జియము దేశములో జరిగిన ఒక ఉదంతము దీనిని కఠినముగా బోధించును. బ్రస్సెల్స్ నగరములో బరువు తగ్గించు ఒక చికిత్సాలయమువారు 1990 నుండి తమ గుళికలలో చీనా మూలికలను చేర్చిరి. వారు కోరినది ఫాంగ్జీ అను పేరుగల ఒక మొక్క వేరు. అదే మాట తోకగా గల మరొక మొక్క, అరిస్టొలోకియా జాతిది, దానికి బదులు వచ్చినది. 1992 నుండి మూత్రపిండములు చెడిన స్త్రీలు ఆసుపత్రులకు రాసాగిరి. కారణమును వైద్యులు 1993లో ప్రకటించిరి. చివరకు బాధితుల సంఖ్య నూరు దాటినది. వారిలో అనేకులకు తరువాత మూత్రమార్గపు కాన్సరు కలిగినది. పేరులోని పోలిక వలన వచ్చిన కీడు ఇది. ఎండిన వేరును ముందుగా సూక్ష్మదర్శినితో చూచియున్నచో, లేక పలకపై ఒక్క చుక్క నడిపించియున్నచో, ఇది తప్పిపోయెడిది.

అయితే ఈ కథలో రెండవ పాఠమును కలదు. అరిస్టొలోకియా జాతి మన పొలములలోను కలదు. గాడిదగడపాకు, ఈశ్వరి వేరు ఆ జాతివే. వీనిని పల్లెవైద్యములో వాడుట చాలకాలముగా వచ్చుచున్నది. వీనిని మీరు ఎంత జాగ్రత్తగా పరీక్షించినను ‘అసలైన గాడిదగడపాకు’ అనియే తేలును. కల్తీ లేదు, మోసము లేదు. కాని ఈ జాతి మొక్కలు గల మందులను అంతర్జాతీయ కాన్సరు పరిశోధన సంస్థ 2002లోనే మానవులకు కాన్సరు కలిగించువాని జాబితాలో చేర్చినది. ఇక్కడ అసలైన సరకే అపాయము. కావున ఏ మొక్క అనునది తేలిన పిమ్మట కూడ, అది హాని చేయునా అను ప్రశ్న మిగిలియే యుండును.

లోహముల సంగతియు ఇట్టిదే. 2003లో అమెరికాలోని బోస్టన్ ప్రాంతపు అంగళ్లలో కొన్న 70 ఆయుర్వేద ఉత్పత్తులను పరీక్షింపగా 14 ఉత్పత్తులలో సీసము, పాదరసము, ఆర్సెనిక్‌లలో ఒకటి గాని అంతకు ఎక్కువ గాని కనబడినవి. మూలిక అసలైనదే కావచ్చును. అది పెరిగిన నేల, నూరిన రోలు, కలిపిన భస్మము సంగతి మూలిక పేరు చెప్పదు.

ఇదే న్యాయమును మారేడు గడ్డకును చూపవలెను. దానిని విషమని చెప్పుట అసత్యము. దక్షిణాదివారు దానిని ఊరగాయగా తినుచున్నారు, షర్బతుగా త్రాగుచున్నారు. దాని తప్పు ఒక్కటే: తనది కాని పేరుతో మందులోనికి ప్రవేశించుట. దొరకని ద్రవ్యమునకు ప్రతినిధి ద్రవ్యమును వాడవచ్చునని ఆయుర్వేదమే అంగీకరించినది. కాని ప్రతినిధి తన పేరు చెప్పుకొనియే వచ్చును. దొంగ పేరు దాచును. సుగంధిపాలకు చెప్పిన మోతాదు, గుణము మారేడు గడ్డకును వర్తించునని పరీక్షించి నిరూపించినవారు నిరూపింపవచ్చును. అంతవరకు వాసన ఒక్కటైనంత మాత్రమున గుణము ఒక్కటని అనరాదు.

ఈ పేరు మార్పిడి వలన నష్టపడునది రోగి మాత్రమే కాదు. దుంపను త్రవ్వినచో తీగ చచ్చును. తన గిరాకీకి తోడు సుగంధిపాల గిరాకీని గూడ మోయవలసివచ్చినచో మారేడు తీగ అడవిలో ఎంతకాలము నిలుచును? అది ఇప్పటికే అరుదగుచున్నది. అది పోయిననాడు దానిపై ఆధారపడిన చెంచు కుటుంబమునకు ఆ ఆదాయమును పోవును. అంగడిలో ఒక తప్పు పేరు అడవిలో ఒక మొక్కను చంపగలదు.

బడిలో చేయదగిన పరీక్షలు

ఉపాధ్యాయులు ఈ విషయమును పాఠముగా చెప్పుటకంటె పిల్లలచేత చేయించుట మేలు. దీనికి భూతద్దము, కత్తి, త్రాసు చాలును.

మొదటిది, వేళ్ల పోలిక. రెండు మూడు అంగళ్లలో సుగంధిపాల అని అడిగి కొద్దికొద్దిగా ముక్కలు తెప్పించవలెను. రాత్రి నీటిలో నానవేసి ఉదయము అడ్డముగా కోసి భూతద్దముతో చూడవలెను. సన్నని వేరులో నడుమ గట్టి కొయ్యభాగము ఎక్కువ, చుట్టు బెరడు తక్కువ. లావు దుంప ముక్కలో మెత్తని కండభాగము ఎక్కువ, కొయ్య తక్కువ. బొమ్మలు గీయించి లావు కొలిపించవలెను. తరువాత కన్నులు మూసికొని వాసన మాత్రము చూచి ఏది ఏదో చెప్పుమనవలెను. ఎందరు సరిగా చెప్పిరో లెక్కవ్రాసినచో ముక్కు సాక్ష్యము విలువ పిల్లలకే తెలియును.

రెండవది, పునర్నవ పరీక్ష. అటికమామిడిని, తెల్ల గలిజేరును రెండింటిని పునర్నవ పేరుతో వాడుట కద్దు. రెండును వానలు పడగానే బాటల ప్రక్క మొలచును. అటికమామిడి కాయలు చిన్న గదల వలె ఉండి, జిగటగా బట్టలకు అంటుకొనును. గలిజేరు ఆకులు దళసరిగా, నీరు పట్టినట్లుండును. దాని కాయ మూతగల డబ్బీవలె విడిపోయి నల్లని గింజలను రాల్చును. పువ్వు, కాయ చేతిలో ఉన్నప్పుడు ఇది అయిదవ తరగతి పిల్లవాడును చెప్పగలడు. ఎండి పొడియైన పిమ్మట నిపుణునికిని కష్టమే. ఈ ఒక్క పరీక్షలో ఈ వ్యాసపు సారమంతయు ఉన్నది.

మూడవది, మట్టి పరీక్ష. తూచిన పొడిని గాజుగ్లాసు నీటిలో కలిపి, పైపొడిని ఒంపి, మరల నీరుపోసి ఒంపినచో అడుగున ఇసుక నిలుచును. ఎండబెట్టి తూచి నూటికెంతయో కట్టవలెను. కాల్చు పరీక్షను, ఆమ్ల పరీక్షను ఉపాధ్యాయుడే చేసి చూపవలెను.

ఒక్క హెచ్చరిక: ఏ మూలికను రుచి చూడనీయరాదు, నమూనాలకని అడవిలో దుంపలు త్రవ్వరాదు. కొన్న ముక్కలు, బాటప్రక్క కలుపుమొక్కలు ఈ పాఠమునకు చాలును.

ఏమి చేయవలెను?

పై విమర్శ నుండి నాలుగు కోరికలు సహజముగా వెలువడుచున్నవి.

ఒకటి: పరీక్ష మొక్కకు దగ్గరగా జరుగవలెను. ఆకు, పువ్వు, వేరు కలిసియున్నప్పుడు గుర్తింపు సులభము, చౌక. ముక్కలైన కొలది కష్టము, పొడియైన కొలది ఖరీదు, కషాయమైన పిమ్మట ఒక్కొకప్పుడు అసాధ్యము. మనము దీనికి తలక్రిందులుగా, సులభమైన చోట ఊరకుండి కష్టమైన చోట యంత్రములను నిలుపుచున్నాము.

రెండు: మొక్కను అడవిలో చూచి గుర్తించువాడు చెంచు. సుగంధిపాలకును బర్రె సుగంధికిని భేదము అతనికి తెలియును. ఆ జ్ఞానము సంతలో సంచులు కలిసిపోవు చోట నశించుచున్నది. 1956 నుండి పనిచేయుచున్న గిరిజన సహకార సంస్థ వంటివి గాని, వర్తకులు గాని ప్రతి సంచిపై మొక్క తెలుగు పేరు, శాస్త్రీయనామము, కొన్న ఊరు, నెల వ్రాయించి, ఏడాదికొక ఎండబెట్టిన పూర్తి మొక్కను నమూనాగా భద్రపరచినచో, సందేహము వచ్చిననాడు వెనుకకు నడచి మూలమును చేరవచ్చును. సరిగా వేరుచేసి తెచ్చినవానికి ఎక్కువ ధర ఇచ్చుటయు న్యాయమే.

మూడు: ఔషధకోశము ‘ఇది ఏది’ అని చెప్పినంత శ్రద్ధగా ‘ఇది ఏది కాదు’ అని కూడ చెప్పవలెను. తరచుగా బదులు వచ్చు మొక్కల నిర్మాణమును, పట్టీల వరుసను అసలుదాని ప్రక్కనే అచ్చువేయవలెను. భారత వైద్య పరిశోధన మండలివారు 2003 నుండి వెలువరించిన ఔషధ మొక్కల ప్రమాణ సంపుటములలో కల్తీల ప్రస్తావన కలదు. ఆ పద్ధతిని విస్తరించి, తెలుగు పేర్లతో, బొమ్మలతో చిన్న పుస్తకముగా ప్రతి ఉన్నత పాఠశాలకు చేర్చవలెను.

నాలుగు: ‘పరీక్షించబడినది’ అను మాటను ఒంటరిగా అంగీకరించరాదు. ఏ మొక్క? శుభ్రమా? సారమెంత? హాని లేదా? ఈ నాలుగు వేర్వేరు ప్రశ్నలు. ఒకదానికి వచ్చిన సమాధానమును మిగిలిన మూడింటికి చెల్లించుకొనుట అజ్ఞానమైన కావచ్చును, మోసమైన కావచ్చును. మందు సీసాను చేతికి తీసికొన్న విద్యార్థి ఈ నాలుగింటిని వరుసగా అడుగ నేర్చినచో అతడు ఆయుర్వేదమునకు శత్రువు కాడు. ఆ వైద్యమును నమ్మి మందు త్రాగు రోగి పక్షమున నిలిచినవాడగును.